ఓవర్‌టైం వేతనం: మారుతున్న చట్టం, హోసూరు కార్మికుని లెక్క

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల పారిశ్రామికవాడలలో ‘ఓటీ’ అన్న రెండక్షరాలు వినపడని ఇల్లు అరుదు. ఇంటి అద్దె కట్టాలన్నా, చీటీ వాయిదా తీర్చాలన్నా, జూన్‌లో బడి తెరిచేనాటికి పిల్లలకు పుస్తకాలు కొనాలన్నా ముందుగా లెక్కలోకి వచ్చేది ఆ నెల ఎన్ని గంటల ఓటీ దొరికిందన్నదే. అందువల్లనే ఓవర్‌టైం నిబంధనలలో ఏ చిన్న మార్పు వచ్చినా అది చట్టసభలకు, న్యాయవాదులకు మాత్రమే సంబంధించిన విషయంగా ఇక్కడ ఉండిపోదు.

గడచిన కొన్నేళ్లలో ఈ నిబంధనలను మార్చడానికి కేంద్రం, తమిళనాడు, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు వేర్వేరుగా ప్రయత్నించాయి. ఆ ప్రయత్నాలపై జరిగిన చర్చ చాలావరకు పనిదినం ఎనిమిది గంటలా, పన్నెండు గంటలా అన్న ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఆ ప్రశ్న ముఖ్యమైనదే. అయితే కార్మికుని చేతికి వచ్చే సొమ్మును నిర్ణయించేవి మరి రెండు విషయాలు. రెట్టింపు వేతనాన్ని ఏ మొత్తం మీద లెక్క కడతారన్నది మొదటిది. గంటల పరిమితిని మార్చే అధికారం ఎవరి చేతిలో ఉంటుందన్నది రెండవది. ఈ రెండూ ఇటీవల మారినవి. వీటి గురించి జరగవలసినంత చర్చ జరగలేదు.

1948 నాటి లెక్క

కర్మాగారాల చట్టం 1948లో వచ్చినది. ఏడు దశాబ్దాలకు పైగా ఈ ప్రాంతపు ఫ్యాక్టరీలన్నిటికీ అదే ఆధారం. దాని 51వ సెక్షను ప్రకారం వారానికి 48 గంటలకు మించి, 54వ సెక్షను ప్రకారం రోజుకు 9 గంటలకు మించి వయోజన కార్మికునితో పని చేయించరాదు. అయిదు గంటల పని తర్వాత కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలి. విశ్రాంతితో కలిపి మొత్తం సమయం పదిన్నర గంటలు దాటరాదు. ఈ హద్దులు దాటి పని చేయించినపుడు ‘సాధారణ వేతన రేటు’కు రెట్టింపు చెల్లించాలన్నది 59వ సెక్షను.

హద్దులు దాటడానికి కూడా ఒక హద్దు ఉండేది. 64వ సెక్షను కింద మినహాయింపు పొందిన పనులలో ఓవర్‌టైంతో కలిపి రోజుకు 10 గంటలు, వారానికి 60 గంటలు మించరాదు. మూడు నెలల కాలంలో మొత్తం ఓవర్‌టైం 50 గంటలు దాటరాదు. అసాధారణమైన పని ఒత్తిడి ఉన్నపుడు 65వ సెక్షను కింద ప్రత్యేక ఉత్తర్వు తెచ్చుకుంటే రోజుకు 12 గంటలు, మూడు నెలలకు 75 గంటల వరకు వీలుండేది. అప్పుడైనా వరుసగా ఏడు రోజులకు మించి ఓవర్‌టైం చేయించడానికి వీలులేదు.

ఇక్కడ ‘మూడు నెలలు’ అంటే ఎప్పుడు మొదలయ్యే మూడు నెలలు? జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు మాసాల మొదటి తేదీతో మొదలయ్యేవని చట్టమే వివరణ ఇచ్చింది. కృష్ణగిరి మామిడి గుజ్జు పరిశ్రమలు తెలిసినవారికి ఇందులోని మెలిక వెంటనే అర్థమవుతుంది. తోతాపురి కాయ వేసవిలో మొదలై జూలైలోనూ వస్తూనే ఉంటుంది. కోసిన కాయ ఆగదు, గుజ్జు తీసే యూనిట్లు రాత్రింబవళ్లు నడవవలసినదే. ఒకే సీజను జూన్ చివరితో రెండు త్రైమాసికాలుగా విడిపోతుంది గనుక జూలై 1న ఓవర్‌టైం ఖాతా మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. కాగితం మీద చూస్తే పరిమితి మీరినట్లే ఉండదు. ఆ రెండు మూడు నెలలు యంత్రం ముందు నిలుచున్న కూలీ శరీరానికి మాత్రం అది ఒకే సీజను.

తరచుగా వచ్చే మరొక సందేహం తొమ్మిదవ గంట గురించి. ఎనిమిది గంటల షిఫ్టు ముగిసిన తర్వాత ఒక గంట అదనంగా ఉంటే దానికి రెట్టింపు వస్తుందా? వారానికి ఆరు రోజులూ ఎనిమిదేసి గంటలు పనిచేసిన కార్మికునికి అప్పటికే 48 గంటలు పూర్తవుతాయి కాబట్టి అదనపు గంట ఏ రోజుదైనా రెట్టింపు రావలసినదే. వారంలో ఒక రోజు సెలవు పెట్టినవానికి మొత్తం 48 దాటదు. అతని తొమ్మిదవ గంట 59వ సెక్షను కిందికి రాదు, పదవ గంట నుంచి మాత్రమే వస్తుంది. “పక్కవానికి డబల్, నాకు సింగిలా” అని గొడవపడే సందర్భాలలో కొన్నిటికి కారణం ఇదే. అన్నిటికీ కాదు.

రెట్టింపు దేని మీద?

సాధారణ వేతన రేటు అంటే మూలవేతనంతోపాటు కార్మికునికి ఆ సమయంలో చెల్లవలసిన అలవెన్సులన్నీ అని 1948 చట్టం చెప్పింది. చౌకగా ఇచ్చే తిండిగింజలు మొదలైన వస్తువుల వల్ల కలిగే లాభాన్ని సైతం నగదుగా లెక్కించి కలపమన్నది. మినహాయించినవి రెండే: బోనసు, ఓవర్‌టైం సొమ్ము. పీసు రేటు మీద పనిచేసేవారికైతే అంతకుముందు నెలలో పనిచేసిన రోజుల సగటు సంపాదనను ఆధారంగా తీసుకోవాలి.

ఒక ఊహా లెక్క చూద్దాం. ఒక కార్మికుని నెల వేతనంలో మూలవేతనం 9,100, కరువు భత్యం 3,900, ఇంటి అద్దె భత్యం 2,600, మొత్తం 15,600 రూపాయలు అనుకుందాం. వాడుకలో ఉన్న పద్ధతి ప్రకారం 26 రోజులతో భాగిస్తే రోజుకు 600, గంటకు 75 రూపాయలు. రెట్టింపు 150. నెలకు 24 గంటల ఓవర్‌టైం చేస్తే 3,600 రూపాయలు రావాలి. అద్దె భత్యాన్ని వదిలి మూలవేతనం, కరువు భత్యం మీద మాత్రమే కడితే గంటకు 125, నెలకు 3,000. మూలవేతనం ఒక్కదాని మీదనే కడితే గంటకు 87 రూపాయల 50 పైసలు, నెలకు 2,100. మూడు లెక్కలనూ ‘డబల్ ఓటీ’ అనే పిలుస్తారు. జీతపు చీటీ మీద కనిపించేది చివరి మొత్తం ఒక్కటే అయితే ఏ లెక్క వేశారో కార్మికునికి తెలిసే మార్గం లేదు.

చిన్న యూనిట్లలో వినిపించే మరొక పద్ధతి ఉన్నది. రిజిస్టరులో చట్టం ఒప్పుకునేంత వరకు గంటలు రాసి, మిగిలినవాటికి వోచరు మీద ఒంటిరేటు చేతికివ్వడం. కార్మికులు దీనికి అభ్యంతరం చెప్పరు, పైగా తామే అడిగి చేస్తారని యాజమాన్యాలు అంటాయి. అందులో కొంత నిజం లేకపోలేదు. జీతం చాలని ఇంటిలో 50 గంటల పరిమితి రక్షణగా కాక ఆటంకంగా కనిపిస్తుంది. అయితే చట్టం దృష్టిలో పరిమితిని మీరిన తప్పు యజమానిది, పనిచేసినవానిది కాదు. పరిమితి మీరిన గంటకు కూడా రెట్టింపు హక్కు పోదు. రిజిస్టరుకెక్కని గంటకు రుజువే ఉండదు, అసలు నష్టం అక్కడ. షెడ్డులో ఆ వేళ ప్రమాదం జరిగితే కార్మికుడు ఆ సమయంలో అక్కడ ఎందుకున్నాడన్న ప్రశ్నకు కాగితం మీద జవాబు దొరకదు.

ఓవర్‌టైంకు బదులుగా మరొకరోజు సెలవు ఇవ్వడం కూడా కొన్నిచోట్ల ఉన్నది. వారాంతపు సెలవు పోయినపుడు ప్రత్యామ్నాయ సెలవు ఇవ్వాలని చట్టంలో వేరే నిబంధన ఉండేది. అది వారపు సెలవుకు సంబంధించినది. రెట్టింపు వేతనాన్ని ఎగవేయడానికి అది దారి కాదు.

తమిళనాడు బిల్లు, పదిరోజుల చరిత్ర

2023 ఏప్రిల్ 21న తమిళనాడు శాసనసభ కర్మాగారాల చట్టానికి ఒక సవరణ బిల్లును ఆమోదించింది. 65ఏ అనే కొత్త సెక్షను ద్వారా ఏ ఫ్యాక్టరీకైనా, ఫ్యాక్టరీల వర్గానికైనా 51, 52, 54, 55, 56, 59 సెక్షన్ల నుంచి మినహాయింపు ఇచ్చే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికి కట్టబెట్టడం దాని సారాంశం. నాలుగు రోజులు పన్నెండేసి గంటలు పనిచేసి మూడు రోజులు సెలవు తీసుకునే వెసులుబాటు కోసమేననీ, వారానికి 48 గంటల పరిమితి మారదనీ, ఇష్టమున్నవారికే వర్తిస్తుందనీ ప్రభుత్వం చెప్పింది. మిత్రపక్షాలైన వామపక్షాలు, వీసీకే సభ నుంచి బయటికి నడిచాయి. అధికార డీఎంకేకు అనుబంధమైన కార్మిక సంఘం కూడా వ్యతిరేకించింది. ఏప్రిల్ 24న మంత్రులు సంఘాలతో చర్చించిన తర్వాత బిల్లును నిలిపివేస్తున్నట్లు ప్రకటన వెలువడింది. మే 1న చెన్నై మేడే పార్కులో ముఖ్యమంత్రి ఎం.కె. స్టాలిన్ దానిని ఉపసంహరిస్తున్నట్లు ప్రకటించారు. భారతదేశంలో మొట్టమొదటి మేడేను 1923 మే 1న మద్రాసులోనే సింగారవేలర్ జరిపించారు. సరిగ్గా నూరేళ్లకు అదే నగరంలో ఈ ప్రకటన వచ్చింది.

బిల్లులో పేర్కొన్న సెక్షన్ల వరుసలో చివరిదైన 59ని గమనించాలి. నాలుగు రోజుల వారం వాదాన్నే తీసుకుందాం. రోజుకు 9 గంటల హద్దు ఉన్నంతకాలం పన్నెండు గంటల రోజులో మూడు గంటలు ఓవర్‌టైం. నాలుగు రోజులకు పన్నెండు గంటలు. పై ఉదాహరణలోని కార్మికునికి ఆ పన్నెండు గంటలకు ఒంటిరేటుపైన అదనంగా వారానికి 900 రూపాయలు రావలసి ఉంటుంది. 54, 59 సెక్షన్లను పక్కనపెడితే వారపు గంటలు 48గానే ఉంటాయి, 900 రూపాయలు మాత్రం ఉండవు. గంటలు పెరగవన్న హామీ నిజమే అయినా సొమ్ము తగ్గదన్న హామీ అందులో లేదు.

ఇటువంటి మినహాయింపుపై సర్వోన్నత న్యాయస్థానం అంతకుముందే ఒక తీర్పు ఇచ్చింది. కరోనా కాలంలో, 2020 ఏప్రిల్ 17న, గుజరాత్ ప్రభుత్వం ఫ్యాక్టరీలలో పన్నెండు గంటల పనిని అనుమతిస్తూ, అదనపు గంటలకు రెట్టింపు కాక ఒంటిరేటు చాలునని నోటిఫికేషన్ ఇచ్చింది. యుద్ధం వంటి ‘ప్రజా అత్యవసర పరిస్థితి’కి ఉద్దేశించిన 5వ సెక్షనును అందుకు ఆధారం చేసుకున్నది. 2020 అక్టోబరు 1న జస్టిస్ డి.వై. చంద్రచూడ్, జస్టిస్ ఇందు మల్హోత్రా, జస్టిస్ కె.ఎం. జోసెఫ్‌ల ధర్మాసనం ఆ ఉత్తర్వులను కొట్టివేసి, పనిచేసిన కాలానికి ఓవర్‌టైం చెల్లించాలని ఆదేశించింది. మహమ్మారి వల్ల కలిగిన ఆర్థిక భారాన్ని కార్మికుల మీదికి నెట్టడానికి ఆ సెక్షను పనికిరాదన్నది తీర్పు సారం.

సరిహద్దుకు అటూ ఇటూ

జూజువాడి చెక్‌పోస్టు దాటితే కర్ణాటక. హోసూరులో కాపురముండి అత్తిబెలె, బొమ్మసంద్ర, జిగణి ఫ్యాక్టరీలకు పోయివచ్చేవారు ఎందరో ఉన్నారు. ఒకే ఇంటిలో అన్న సిప్‌కాట్‌లోనూ తమ్ముడు బొమ్మసంద్రలోనూ పనిచేస్తే ఇద్దరికీ వర్తించే నిబంధనలు వేర్వేరు. నివాసం ఎక్కడున్నదన్నది లెక్కలోకి రాదు, ఫ్యాక్టరీ ఉన్న రాష్ట్రపు నిబంధనలే వర్తిస్తాయి.

కర్ణాటక 2023 ఫిబ్రవరిలో తెచ్చిన సవరణ వారానికి 48 గంటల పరిమితికి లోబడి రోజుకు పన్నెండు గంటల వరకు పనిని అనుమతించే వీలు కల్పించింది. మూడు నెలల ఓవర్‌టైం పరిమితిని 75 నుంచి 144 గంటలకు పెంచింది. తమిళనాడు బిల్లు వెనక్కి పోయింది, కర్ణాటక సవరణ చట్టమయింది. పెట్టుబడి ఏ గట్టుకు పోతుందోనన్న పోటీ ఈ రెండు రాష్ట్రాల మధ్య ఎప్పుడూ ఉన్నదే. 1980 ప్రాంతంలో టీవీఎస్, అశోక్ లేలాండ్, ఆ తర్వాత టైటాన్ హోసూరుకు రావడానికి బెంగుళూరు పక్కనే ఉండి తమిళనాడు రాయితీలు దొరకడం ఒక కారణం. 2021లో పోచంపల్లి వద్ద ఓలా విద్యుత్ స్కూటర్ల కర్మాగారం వచ్చేనాటికీ ఆ పోటీ తగ్గలేదు. ఇప్పుడు భూమి, కరెంటు రాయితీలతోపాటు పనిగంటలు కూడా ఆ పోటీలోకి వచ్చాయి.

మూడవ గట్టున ఆంధ్రప్రదేశ్ ఉన్నది. కుప్పం, పలమనేరుల వైపు నుంచి కృష్ణగిరి జిల్లాకు పనికి వచ్చేవారు, ఇటునుంచి అటు పోయేవారు ఉన్నారు. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజువారీ పరిమితిని 9 నుంచి 10 గంటలకు, మూడు నెలల ఓవర్‌టైంను 75 నుంచి 144 గంటలకు పెంచే ప్రతిపాదనను ఆమోదించింది. తెలంగాణ 2025 జూలైలో వాణిజ్య సంస్థలకు రోజుకు 10 గంటలు, మూడు నెలలకు 144 గంటల ఓవర్‌టైం అనుమతిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. 144 అన్న అంకె ఇన్ని చోట్ల ఒకేలా కనిపించడం యాదృచ్ఛికం అనిపించదు. అంతకుముందు 2016లో కేంద్రం 50ని 100కు, 75ను 115కు, ప్రజాప్రయోజనం ఉన్నచోట 125కు పెంచే బిల్లును లోక్‌సభలో ఆమోదింపజేసుకున్నది. అది రాజ్యసభ దాటలేదు.

కేంద్ర కోడ్‌లు: అంకె ఎక్కడికి పోయింది?

నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21న అమలులోకి వచ్చాయి. కర్మాగారాల చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ (2020) వచ్చింది. కనీస వేతనాల చట్టం, వేతన చెల్లింపు చట్టాల స్థానంలో వేతనాల కోడ్ (2019) వచ్చింది. రెట్టింపు రేటును రెండూ నిలుపుకున్నాయి. రోజుకు ఎనిమిది గంటలని భద్రతా కోడ్ స్పష్టంగా చెప్పింది. కార్మికుని సమ్మతి లేనిదే ఓవర్‌టైం చేయించరాదని పాత చట్టంలో లేని మాటను చేర్చింది. రోజు లెక్క, వారం లెక్కలలో కార్మికునికి ఏది మేలైతే అది తీసుకోవాలన్నది. ఇవన్నీ మంచివే.

అయితే మూడు నెలలకు ఎన్ని గంటలన్న అంకె కోడ్‌లో లేదు. దానిని ‘సంబంధిత ప్రభుత్వం’ నియమాల ద్వారా నిర్ణయిస్తుంది. ఓవర్‌టైం ఎన్ని గంటల తర్వాత మొదలవుతుందన్నది కూడా నియమాలకే వదిలారు. పాత చట్టంలో 50, 75 అన్నవి చట్టంలోనే ఉన్న అంకెలు. వాటిని మార్చాలంటే బిల్లు పెట్టాలి, చర్చ జరగాలి. 2023లో తమిళనాడు కార్మికులకు పదిరోజుల వ్యవధి దొరికినది, బిల్లు వెనక్కి పోయినది ఆ నిర్బంధం వల్లనే. నియమాన్ని మార్చడానికి ముసాయిదా ప్రచురించి, అభ్యంతరాలు స్వీకరించి, గెజిట్‌లో వేస్తే సరిపోతుంది. గెజిట్ ముసాయిదాను చదివి గడువులోగా అభ్యంతరం పంపే కార్మికులు హోసూరులోనే కాదు, ఎక్కడైనా ఎందరుంటారు? కొత్త నియమాలు వచ్చేవరకు పాతవి, కోడ్‌కు విరుద్ధం కానంతమేరకు, కొనసాగుతాయి. కొత్త ఫ్యాక్టరీలకు ఉత్పత్తి మొదలైన నాటినుంచి కొంతకాలం పాటు కోడ్ నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చే అధికారం కూడా రాష్ట్ర ప్రభుత్వాలకు ఉన్నది. కొత్త ఫ్యాక్టరీలు వరుసగా వస్తున్న జిల్లాకు ఇది చిన్న విషయం కాదు.

ఇక వేతనపు నిర్వచనం. కొత్త కోడ్‌ల ప్రకారం వేతనం అంటే మూలవేతనం, కరువు భత్యం, రిటెయినింగ్ అలవెన్సు. ఇంటి అద్దె భత్యం, ప్రయాణ భత్యం మొదలైనవి అందులోకి రావు. అలా మినహాయించినవి మొత్తం చెల్లింపులో సగాన్ని మించితే, మించినంత మేరకు తిరిగి వేతనంలో కలపాలి. మూలవేతనాన్ని మరీ తక్కువగా చూపే అలవాటుకు ఇది కళ్లెం. భవిష్యనిధి, గ్రాట్యుటీల విషయంలో కార్మికునికి మేలు చేసేదే.

ఓవర్‌టైం దగ్గరకు వచ్చేసరికి అదే నిర్వచనం ఎదురు తిరుగుతుంది. మొదటి ఉదాహరణలో అద్దె భత్యం 2,600 సగానికి చాలా తక్కువ గనుక అది పూర్తిగా లెక్కనుంచి తొలగిపోతుంది. గంటకు రావలసిన 150 రూపాయలు 125 అవుతాయి. నెలకు 24 గంటలకు 600, ఏడాదికి 7,200 రూపాయల తేడా. మరొక ఉదాహరణ ఇంకా తీవ్రమైనది. నెలకు మొత్తం 31,200 రూపాయలు పొందే ఒక నిపుణ కార్మికునికి అందులో సగం, అంటే 15,600 మాత్రమే వేతనంగా లెక్కకు వస్తుందనుకుందాం. అతని మొత్తం సంపాదన గంటకు 150 రూపాయలు. వేతనం మీద గంటకు 75, దానికి రెట్టింపు 150. అంటే ‘రెట్టింపు’ ఓవర్‌టైం గంటకు అతనికి వచ్చేది, మామూలు గంటకు వచ్చే సొమ్మే! చట్టంలో రెట్టింపు అన్న మాట చెక్కుచెదరలేదు. అది దేనికి రెట్టింపో ఆ మొత్తం కుదించుకుపోయింది.

పాత చట్టం కిందనే అలవెన్సులు కలపని యాజమాన్యాలు ఉన్నాయి కాబట్టి కొత్తగా పోయిందేమున్నదని అడగవచ్చు. పాత రోజులలో అది చట్ట ఉల్లంఘన, అడిగి రాబట్టుకోదగిన బాకీ. ఇప్పుడు అది చట్టబద్ధం.

ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు

ఫ్యాక్టరీ అన్న నిర్వచనానికి కరెంటు వాడే చోట పదిమంది చాలునన్నది పాత చట్టం. కొత్త కోడ్‌లో ఇరవై మంది ఉండాలి. కరెంటు లేనిచోట ఇరవై నలభై అయింది. పెద్ద కంపెనీలకు విడిభాగాలు చేసిచ్చే షెడ్లు హోసూరులో అనేకం. పది పన్నెండు మందితో నడిచే యూనిట్లు ఫ్యాక్టరీ నిర్వచనం దాటి బయటికి పోయినా, పదిమంది ఉన్న సంస్థగా భద్రతా కోడ్ పరిధిలోనే ఉంటాయి. అంతకన్న చిన్నవాటికి కూడా వేతనాల కోడ్‌లోని రెట్టింపు రేటు నిబంధన ఉన్నది. కాబట్టి “మన షెడ్డు చిన్నది, ఓటీ చట్టం మనకు రాదు” అన్న మాటను నమ్మనవసరం లేదు.

సూపర్‌వైజరు హోదాలో నెలకు 18,000 రూపాయలకు పైబడి వేతనం పొందేవారు ‘కార్మికులు’ కారని భద్రతా కోడ్ చెప్పుతున్నది. ఒక మనిషికి సూపర్‌వైజరు అన్న పేరు పెట్టి, యంత్రం మీద మామూలు పనే చేయించినంతమాత్రాన అతడు సూపర్‌వైజరు కాడు. చేసే పనిని బట్టి నిర్ణయించాలన్నది న్యాయస్థానాలు అనుసరించే పద్ధతి. ఈ చిక్కు మనదేశానికే పరిమితం కాదు. అమెరికాలో 1938 చట్టం ప్రకారం వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు చెల్లించాలి. జీతగాళ్లలో ఎవరిని ఓవర్‌టైం నుంచి మినహాయించవచ్చో నిర్ణయించే ఆదాయ పరిమితిని పెంచుతూ 2024లో వచ్చిన నిబంధనను అదే ఏడాది నవంబరులో టెక్సాస్‌లోని ఫెడరల్ న్యాయస్థానం కొట్టివేసింది. రేటులో మనదే మెరుగు. 1919 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ మొదటి ఒడంబడిక కోరినది ఒకటింపావు రెట్లు మాత్రమే.

అప్రెంటిసుల సంగతి వేరు. 1961 అప్రెంటిసుల చట్టం వారిని కార్మికులుగా కాక శిక్షణ పొందేవారిగా చూస్తుంది. శిక్షణకు లేదా ప్రజాప్రయోజనానికి అవసరమని అప్రెంటిస్‌షిప్ సలహాదారు ఆమోదిస్తే తప్ప వారితో ఓవర్‌టైం చేయించరాదు. ఐటీఐ, డిప్లొమా ముగించి కంపెనీ బస్సెక్కే పిల్లలలో ఈ నిబంధన తెలిసినవారు చాలా తక్కువ. కాంట్రాక్టు కార్మికులకు కాంట్రాక్టరు చెల్లించకపోతే ఆ భారం ప్రధాన యజమాని మీద పడుతుంది. ఇది 1970 చట్టం నాటినుంచి ఉన్నదే, కొత్త కోడ్‌లోనూ నిలిచినది.

ఓవర్‌టైం సొమ్ము మీద భవిష్యనిధి కోత ఉండదని సంతోషించేవారున్నారు. ఇరవై ఏళ్లు ఓటీ మీద ఇల్లు నడిపినవానికి పదవీ విరమణనాడు ఆ శ్రమలో ఒక్క రూపాయి కూడా నిధిలో కనిపించదు. శరీరం చెల్లించే మూల్యం కూడా ఉన్నది. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి 35-40 గంటలు పనిచేసేవారికన్న పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించాయి. 48 గంటలకు వారానికి ఏడు గంటల ఓటీ కలిస్తే ఆ 55 వస్తుంది.

బాకీని అడగడం

కొత్త కోడ్ వల్ల కార్మికునికి నిస్సందేహంగా కలిగిన మేలు ఇక్కడ ఉన్నది. రావలసిన వేతనం కోసం దరఖాస్తు చేసుకునే గడువు పూర్వం వేతన చెల్లింపు చట్టం కింద పన్నెండు నెలలు, కనీస వేతనాల చట్టం కింద ఆరు నెలలు. వేతనాల కోడ్ దానిని మూడేళ్లు చేసింది. చెల్లించామని రుజువు చేసుకోవలసిన బాధ్యతను యజమాని మీద పెట్టింది. బాకీతోపాటు దానికి పదింతల వరకు పరిహారం విధించే అధికారం విచారణాధికారికి ఉన్నది. కార్మికుడే స్వయంగా వెళ్లనవసరం లేదు, రిజిస్టరయిన కార్మిక సంఘం కూడా అతని తరఫున దరఖాస్తు చేయవచ్చు. తక్కువ చెల్లించిన యజమానికి 50,000 రూపాయల వరకు జరిమానా ఉన్నది. తనిఖీ అధికారి పేరు మాత్రం ‘ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్’గా మారింది. తనిఖీ చేయడం, యజమానికి సలహా ఇవ్వడం అనే రెండు పనులూ ఒకే మనిషి ఎంతవరకు చేయగలడన్నది ఆచరణలో తేలవలసినదే.

తెలుగు కార్మికునికి ఇంకొక ఇబ్బంది భాష. ఫ్యాక్టరీలో పెట్టే ప్రకటనలు ఇంగ్లీషులోనూ, కార్మికులలో అధికసంఖ్యాకులకు అర్థమయ్యే భాషలోనూ ఉండాలని 1948 చట్టం చెప్పింది. ఆ రెండవ భాష ఇక్కడ సహజంగానే తమిళం. డెంకణికోట, సూళగిరి, బాగలూరు వైపు నుంచి వచ్చే పెద్దవయసువారిలో తమిళం ధారాళంగా మాట్లాడగలిగినా చదవలేనివారు ఉన్నారు. 2006 తమిళ అభ్యసన చట్టం తర్వాత బడికి పోయిన తరానికి తమిళం చదవడం వచ్చును, తెలుగు చదవడం రాకపోవచ్చును. తండ్రి జీతపు చీటీని కొడుకు చదివి చెప్పవలసిన ఇళ్లు అందువల్ల ఉన్నాయి. ఆ చీటీలో, నోటీసు బోర్డులో ‘మిగై నేరం’ అని కనిపిస్తే అది ఓవర్‌టైమే, ‘ఊదియం’ అంటే వేతనం.

చీటీ చేతికి వచ్చినపుడు చూడవలసినవి మూడు: ఎన్ని ఓవర్‌టైం గంటలు రాశారు, గంటకు ఏ రేటు కట్టారు, ఆ రేటులో మూలవేతనంతోపాటు కరువు భత్యం కలిసిందా లేదా. గంటలను కార్మికుడు తన చిన్న డైరీలోనో, సెల్‌ఫోనులోనో ఏరోజుకారోజు తేదీతో రాసుకుని, చీటీలను మూడేళ్లపాటు దాచుకోవాలి. దరఖాస్తు గడువు అంతవరకు ఉంటుంది.